వాల్వు వంకర

కలకత్తా బేహాలాలో మా ఇంటి ముందు సందులో మనవడి డర్ట్ బైకు నిలబెట్టి ఉంది. ఒళ్లంతా బురద ఎండిపోయి, నిమజ్జనం తప్పించుకున్న మట్టి వినాయకుడిలా ఉంది. అది నాకు అలవాటే. వెనక చక్రం దగ్గరే కన్ను ఆగింది. ఊచల మధ్యనుంచి నిటారుగా రావలసిన వాల్వు, తుపాను తర్వాత తాటిచెట్టులా పక్కకి ఒరిగిపోయి ఉంది.

"ఏట్రా ఇది?"

"రిమ్ లాక్ పోయింది తాతా. ఆర్డర్ పెట్టేశాను. ఎల్లుండి వచ్చేస్తాది."

చక్రం విప్పలేదు. పాతది చేత్తో పట్టుకుని చూడలేదు. ఎందుకు పోయిందో తెలీదు. ఆర్డర్ మాత్రం పెట్టేశాడు! ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో 38 ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ని. రోగం చూడకుండా మందు కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి బీఎన్నార్‌లో, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వేలో, పనికోసం ఈ బెంగాల్ దేశం వచ్చాడు. ఆయన చేతికి సుత్తి ఇచ్చే ముందు ఆర్నెల్లపాటు ఆకురాయి పట్టించారట. నాకూ ఇంచుమించు అంతే. వీడికి పుట్టగానే ఫోను ఇచ్చారు.

స్కూటర్లు నడిపేవాళ్లకి ఈ రిమ్ లాక్ గొడవ తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. అది వేలంత పొడవున్న ఒంపు పలక. పలకకి రబ్బరు తొడుగు, నడుమ ఒక బోల్టు. పలక టైరు లోపల ఉంటుంది, బోల్టు రిమ్ము కన్నంలోంచి బయటికి వస్తుంది. బయటనుంచి నట్టు బిగిస్తే పలక కిందికి దిగి టైరు అంచుల్ని రిమ్ముకేసి నొక్కి పడుతుంది. అంతే దాని ఉద్యోగం. బురదలో పట్టు దొరకాలని ఈ కుర్రాళ్లు టైర్లో గాలి 12, 15 పౌండ్లకి దించేస్తారు. గాలి తగ్గితే రిమ్ము మీద టైరుకి పట్టు సడలుతుంది. ఇంజను బలమంతా రిమ్మునే తిప్పుతుంది, టైరేమో బురదని కరుచుకుని వెనకబడుతుంది. టైరుతోపాటు ట్యూబూ జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము కన్నంలో ఇరుక్కుపోయి ఎటూ కదల్లేదు, అత్తాకోడళ్ల మధ్య మొగుడి బతుకే దానిది. మొదట ఒరుగుతుంది, తర్వాత మొదలంటా తెగుతుంది. మొదలు తెగిన వాల్వుకి ప్యాచీ వేసే మొనగాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

మా రోజుల్లో ఇది డర్ట్ బైకుల వ్యవహారం కాదు. అసలు ఆ మాటే మాకు తెలీదు, ఉన్న రోడ్లన్నీ డర్టే. కలకత్తా పోలీసు సార్జెంట్లు తెల్ల దుస్తుల్లో ఎర్ర బులెట్ల మీద తిరగడం చూసి చూసి, ఆ మోజులో 1976లో నేనూ ఒక పాత బులెట్టు కొన్నాను. దాని వెనక రిమ్ముకి ఇలాంటి లాకు బోల్టులే రెండు ఉండేవి. పంచరు వేసేవాళ్లకి అవంటే పగ. టైరు ఊడదీయాలంటే ముందు వాటి నట్లు వదులు చెయ్యాలి, బోల్టుల్ని లోపలికి నెట్టాలి, ఎక్కించేటప్పుడు ట్యూబు వాటికింద పడకుండా చూసుకోవాలి. అర్ధరూపాయి పనికి ఇంత తద్దినమా అని, ఒకసారి విప్పినవాడు మళ్లీ పెట్టేవాడు కాడు. అలా ఎన్ని బులెట్ల లాకులు డ్రెయిన్లలో కలిసిపోయాయో!

నా బండివి మాత్రం పోనివ్వలేదు. పలక మీద రబ్బరు అరిగి ఇనుము బయటపడితే, ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో ఒక పంచరు ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లేవాణ్ని. ఆయన దగ్గర పాత లారీ పిస్టనొకటి ఉండేది. పలక మీద పచ్చి రబ్బరు పరిచి, బిగించి, పైన పిస్టన్ బోర్లించి, దాని గుంటలో కాస్త పెట్రోలు పోసి వెలిగించేవాడు. మంట తనంతట తాను ఆరేసరికి రబ్బరు ఇనుముకి అతుక్కుపోయి ఉండేది. ఆ కాలంలో టైరంటే డన్‌లప్, డన్‌లప్ అంటే సాహాగంజ్. హుగ్లీ ఒడ్డున 1936లో పెట్టిన ఫ్యాక్టరీ, ఈ దేశంలో టైర్లు పుట్టింది అక్కడే. ఇప్పుడు అక్కడ గేటుకి తాళం, గోడ మీద రావి మొక్కలు. అంబాసిడర్ కారు తయారైన హింద్‌మోటర్ కూడా 2014లో పడుకుంది. మా చుట్టూ ఉన్నవన్నీ ఇలా మూతపడ్డాయి కాబట్టి కుర్రాడు ఫోనులో కొనక ఏం చేస్తాడని మా కోడలు వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంది. వాదన బాగానే ఉంది. నేను ఒప్పుకోలేదు.

మల్లిక్ బజార్ ఉంది కదా! పార్క్ సర్కస్‌కి కూతవేటు దూరంలో, పాత బండ్ల ఎముకలన్నీ వేలాడదీసిన సందులు. మా కాలంలో ముక్క చేతిలో పెట్టుకుని అక్కడికి వెళితే, కొట్టువాడు దాన్ని వేళ్లతో తడిమి, మాట్లాడకుండా లోపలికి పోయి, అచ్చం అలాంటిదే తెచ్చేవాడు. బండి పేరు అడిగేవాడు కాదు. కాబట్టి మనవణ్ని బలవంతాన బస్సెక్కించి తీసుకెళ్లాను. మూడు కొట్లు తిరిగాం. మొదటివాడు కారు డోరు లాకు చూపించాడు. రెండోవాడు, "దాదూ, ఫొటో ఉందా?" అన్నాడు. మూడోవాడు ఫొటో చూసి, "ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి" అని నాకే సలహా ఇచ్చాడు. దారి పొడుగునా మనవడు ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఎల్లుండి అన్నట్టే ఎల్లుండి పొట్లం వచ్చింది. తెరిచి చూస్తే పలక మీద 1.85 అని అచ్చు. కళ్లజోడు తుడుచుకుని రిమ్ము మీద చూశాను, 2.15 అని ఉంది. ఇవి రిమ్ము లోపలి వెడల్పు అంగుళాల్లో. లాకు ఇరుకైతే రెండు అంచులకీ అందదు, వెడల్పైతే సీట్లో కూర్చోదు. రెండుచోట్లా అంకె వేసి ఉన్నా చదివే ఓపిక లేనివాళ్లకి ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? దాన్ని వెనక్కి పంపి, సరైనది వచ్చేసరికి మరో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేను ఏమీ అనలేదు. అనలేదంటే, రోజుకి రెండుసార్ల కంటే ఎక్కువ అనలేదు.

ఆదివారం పొద్దున్న పనికి కూర్చున్నాం. బండి ఒక పెట్టెమీద ఎత్తి, ఇరుసు నట్టు వదులు చేసి, చైను జారవిడిచి, చక్రం బయటికి లాగాం. వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేశాం. ఇక లాకు నట్టు. బేహాలా వానాకాలం మోకాలి లోతు నీళ్లలో తిరిగిన బండి, బోల్టు మరలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. మనవడు పానా వేసి ఒక్క పట్టున విరగదీయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. కిరసనాయిలు రెండు చుక్కలు వేసి, టీ తాగి వచ్చి, పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పది నిమిషాలకి వదిలింది. ఈ పావు చుట్టు విద్య ఏ పొట్లంలోనూ రాదు.

నట్టు పూర్తిగా తీయకూడదు, మర చివరిదాకా తెచ్చి ఆపాలి. అప్పుడు బోల్టుని బొటనవేలితో లోపలికి నెడితే పలక లేస్తుంది, టైరు అంచు దానికిందనుంచి జారుతుంది. సబ్బునీళ్లు రాసి, ఒక పక్క అంచుని రిమ్ము నడిమి పల్లంలోకి మోకాలితో నొక్కి, ఎదుటి పక్క లీవర్లతో ఎత్తాం. ట్యూబు తీసి, నట్టు ఊడదీసి, పాత లాకు బయటికి లాగాం. రబ్బరు సగం చెక్కలుగా రాలిపోయింది. మిగతా సగం ఎండిన ఉసిరికాయలా గట్టిపడింది. బోల్టు వంగింది. సరే, మార్చవలసిందే. ఆ మాట పైకి అన్నాను కూడా.

కొత్తది పెట్టేటప్పుడు మనవడికి ఒక్కటే చెప్పాను: ట్యూబు పలక పైన ఉండాలి, టైరు అంచు పలక కింద ఉండాలి. ఇది తారుమారైతే మొదటి గుంటలోనే పంచరు. లాకు ఉన్న చోటునుంచే అంచు ఎక్కించడం మొదలుపెట్టి, బోల్టు నొక్కుతూ, చుట్టూ వచ్చాం. ముందు గాలి పట్టి అంచులు సీట్లో కూర్చోనిచ్చాక నట్టు బిగించాడు. పిడి చివరికంటా పట్టుకుని కాదు, మెడ దగ్గర పట్టుకుని. మరీ బిగిస్తే రిమ్ముకి సొట్ట, లేదా బోల్టు చేతికి. లాకు బరువు ఒకే పక్కన వంద నూటయాభై గ్రాములు ఉంటుంది కాబట్టి మట్టిలో తెలియకపోయినా తారురోడ్డు మీద చక్రం ఎగురుతుంది. ఎదుటి ఊచలకి సీసం తీగ చుట్టమన్నాను. "ఇప్పుడు స్టిక్కర్ వెయిట్స్ వస్తాయి తాతా" అన్నాడు. వస్తాయి, సీసం చవక.

అన్నీ అయ్యాక వాల్వు మొదట్లో ఉండే చిన్న నట్టుని రిమ్ముకి ఆనించి బిగించబోయాను. 50 ఏళ్లుగా అలాగే బిగిస్తున్నాను. ఈసారి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తాతా. దాన్ని పైకి తిప్పి టోపీకి ఆనించెయ్. టైరు జారితే వాల్వు కాస్త ఒరగడానికి చోటుంటాది. ఒరిగిందని మనకి కనబడతాది, తెగిపోయే ముందే ఆగొచ్చు."

నేను మాట్లాడలేదు. బులెట్టు మీద నాకు రెండు వాల్వులు తెగాయి. ఒకటి దాంతన్ దగ్గర, రాత్రి, వానలో, వెనక మా ఆవిడ. రెండుసార్లూ పంచరువాణ్నే తిట్టాను. ఆ నట్టుని ఆఖరి చుట్టు వరకూ బిగించింది మాత్రం నేనే.

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"వీడియోలో చూశాను."

ఆ తర్వాత, పుండు మీద కారంలా, డకార్ ర్యాలీ సంగతి ఎత్తుకున్నాడు. 2015లో దాన్ని పూర్తిచేసిన మొదటి భారతీయుడు మన బెంగుళూరు సంతోష్ అట. ఇప్పుడు ఎడారుల్లో, అడవుల్లో పోటీపడేవాళ్లు చాలామంది టైర్లో ట్యూబు బదులు నురగలాంటి రబ్బరు చుట్ట పెడతారట. గాలీ లేదు, వాల్వూ లేదు, పంచరూ లేదు. "మరి రిమ్ లాకో?" అన్నాను. "అది ఉంటాది తాతా." ఆ ఒక్క మాటతో నాకు కాస్త ఆకలి వేసింది.

నిన్న వాడు స్నేహితులతో పురూలియా అయోధ్య కొండలకి వెళ్లాడు. ఒక పూట తిరిగాక లాకు నట్టు మళ్లీ ఒకసారి చూసుకోరా, కొత్త రబ్బరు నలిగి వదులవుతుంది అని మెట్ల మీదనుంచి అరిచాను. విన్నాడో లేదో! ఇందాక పనుండి పెట్టె తెరిస్తే నా 12 నంబరు రింగు పానా లేదు.