ఓష్ఠరాగ విచారం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అక్కా, లిప్‌స్టిక్ ఇయ్యమంటారా, గ్లాస్ ఇయ్యమంటారా?"

టీక: అక్కా = ఓ కొనవచ్చినదానా; లిప్‌స్టిక్ = మైనంలో నూనె, రంగు కలిపి కడ్డీగా పోసినది; గ్లాస్ = రంగు పేరుకు మాత్రమే ఉండి జిగట నూనెతో మెరిసేది, నీళ్లు తాగేది కాదు; ఇయ్యమంటారా = రెండూ అంటగట్టే తలంపును లోపల దాచుకొని, ఒకటి కోరుకొమ్మని అడుగుట. శ్రీరామనవమి రోజుల్లో భద్రాచలం ఫ్యాన్సీ కొట్లలోనైనా, ఖమ్మం గాజుల కొట్లలోనైనా ఈ మూలానికి పాఠాంతరం లేదు. వాక్యం చిన్నదే గాని ఇందులో ఒక వికల్పం దాగి ఉంది. వికల్పం ఎక్కడ చెల్లుతుంది? రెండు వస్తువులూ ఒకే పని నెరవేర్చేచోట. వడ్లతోనైనా యవలతోనైనా యాగం చేయవచ్చునని మీమాంసకులు ఒప్పుకున్నది అందుకే. ఇక్కడ ఒకదాని పని రంగు, రెండోదాని పని మెరుపు. పనులు వేరైనప్పుడు 'ఇదా, అదా' అనే ప్రశ్న నిలవదు, 'ఏది ముందు' అన్నదే నిలుస్తుంది. ముందు లిప్‌స్టిక్, మనసైతే పైన గ్లాస్. రంగు లేని గ్లాస్ మూలం లేని టీక వంటిది.

దీనికి ప్రమాణమేమంటే, వాత్స్యాయనుడి కామసూత్రంలో పట్నపు నాగరకుడి దినచర్య. అతగాడు పొద్దున్నే లేచి, పళ్లు తోముకొని, మైపూత, ధూపం, పూలదండ అయ్యాక మైనాన్నీ లత్తుకనూ వాడి, అద్దం చూసుకొని, తాంబూలం వేసుకొని పనికి బయలుదేరతాడు. సూత్రంలో మెరుపునిచ్చే మైనం ముందు, రంగునిచ్చే లత్తుక తర్వాత. అంటే గ్లాసే ముందని పూర్వపక్షి ఎగిరి గంతేయవచ్చు. అయితే జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు ఈ వరుసను తిరగేశాడు: కాస్త తడిపిన లత్తుక ఉండతో పెదవి రుద్దాలి, తాంబూలం నమలాలి, చివర మైనపు గోళీ అద్దాలి. పాఠక్రమం కంటే అర్థక్రమం బలవత్తరమని న్యాయం. అగ్నిహోత్రం చేస్తాడని ముందు చెప్పి, జావ కాస్తాడని తర్వాత చెప్పినా, జావ ముందు కాచాల్సిందే కదా! పైగా ఈ నాగరకుడు మగవాడు. కనుక మూలంలోని 'అక్కా' అనే సంబోధన ఉపలక్షణమే, అన్నలు అలగనక్కరలేదు.

ఇదంతా పట్నపు సోకు, అడవి అంచున దీని ఊసెందుకని మరో ఆక్షేపం. నిజానికి సరుకంతా అడవిదే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కోయలు, కొండరెడ్లు తెచ్చే తేనెను కొంటూ వచ్చింది. తేనె పిండాక మిగిలిన తుట్టెను కాస్తే మైనం. మోదుగ, రేగు కొమ్మలను పట్టే లక్కపురుగు నుంచి లత్తుక. ఆ ఎరుపు కడిగేశాక మిగిలిన లక్కతోనే గాజులు చేస్తారు. తూర్పున రంపచోడవరం మన్యంలో పండే జాఫ్రాను ఇంగ్లీషువాళ్లు లిప్‌స్టిక్ చెట్టనే పిలుస్తారు. పురుగు రంగు పెదవికి తగుతుందా అని ఆచారపరులు ముక్కు మూసుకుంటే, సీతమ్మవారి కల్యాణానికి తెచ్చే పట్టు ఎక్కడిదని అడగాలి. నేటి లిప్‌స్టిక్కుల్లోని కార్మైన్ ఎరుపు కూడా మెక్సికో, పెరూల్లో నాగజెముడు మీద బతికే పురుగుదే, మన లక్కపురుగుకు దూరపు చుట్టం.

గట్టి ఆక్షేపం ఎండది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఈ సీమకు కొత్త కాదు, కడ్డీ కరిగిపోదా? తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీలన్నా కావాలి, కార్నౌబా మైనానికి 80 దాటాలి. రేకుల కొట్లో కడ్డీ మెత్తబడుతుంది, అందులోని ఆముదం బొట్లుబొట్లుగా పైకి వచ్చి చెమట పట్టినట్టుంటుంది, అంతే. గ్లాస్ ముందే ద్రవం; వేడికి ఇంకా పలచబడి పెదవి గట్టు దాటుతుంది. ఆ జిగటకు మణుగూరు బొగ్గు లారీల దుమ్ము అంటుకుంటుంది. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి సీజనైతే అంటుకునేదేమిటో చెప్పనక్కరలేదు. అప్పుడు ఆముదం తాగిన మొహం ఆముదం లేకుండానే వస్తుంది. ఎండకు పెదవి ఎండదా, గ్లాసే కాపు కదా అంటే, తేమను పట్టి ఉంచే నూనె, మైనం కడ్డీలోనూ ఉన్నాయి. పైగా రంగు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్‌లు ఎండను కొంత అడ్డుకుంటాయి, రంగులేని గ్లాసులో అవి ఉండవు. రోజంతా నిలిచే పొడి లిప్‌స్టిక్కులు పెదవిని పీల్చేస్తాయన్న మాట నిజమే. యశోధరుడి మైనపు గోళీకి, అంటే పైపూత గ్లాసుకు, చోటు అక్కడే.

ఎంత పూయాలి? ఇందుకు స్థలాచారమే ప్రమాణం. మామూలు తలంబ్రాలు పసుపుపచ్చన. భద్రాచలంలో గులాల్ కలుపుతారు గనుక ఎర్రన. వాటిలో ప్రభుత్వం సమర్పించే ముత్యాలు కలుస్తాయి; ఆ ఆనవాయితీని తానీషా కాలం నాటిదిగా చెబుతారు. బియ్యం రాశులు, ముత్యాలు కొన్ని: రంగు మెండుగా, మెరుపు కొద్దిగా. దేవుడి తలంబ్రాలను పెదవిరంగుకు సాక్ష్యం పిలవడం అపచారమంటారా, తీసుకున్నది పాళ్లు మాత్రమే.

ఈ విధికి అపవాదం ఒక్కటే. ముక్కోటి తెప్పోత్సవం నాటి చలిలో గోదావరి గాలికి పెదవులు చిట్లుతాయి. అప్పుడు రంగు లేని మెరుపు ఒక్కటే పూసుకున్నా దోషం లేదు. ఇంట్లో ఇప్పనూనె నెయ్యిలా పేరుకొని ఉంటే అది కూడా కొననక్కరలేదు.