ఇగ్వానాగారి స్థానికత

2024 ఆగస్టు 28తో గడువు తీరింది. మకావ్‌లు, ఇగ్వానాలు, బాల్ పైథాన్‌లు, మార్మోసెట్ కోతులు... పరదేశాల నుంచి వచ్చి మన ఫ్లాట్లలో కాపురం ఉంటున్న జీవాల వివరాలు ‘పరివేశ్’ పోర్టల్‌లో ఎక్కించాలంటూ కేంద్ర పర్యావరణ శాఖ ఫిబ్రవరి 28న ఇచ్చిన ఆరు నెలల గడువు అది. ఆ పేరు వింటే గుర్తొచ్చేది పరివేషం, అంటే చంద్రుడి చుట్టూ కనిపించే వలయం. పల్లెల్లో ‘గుడి కట్టింది’ అంటారు. దూరాన గుడి కడితే దగ్గర్లో వాన అని పెద్దల లెక్క. ఢిల్లీలో గుడి కట్టింది కాబట్టి కూకట్‌పల్లిలో వాన పడక తప్పదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అక్కడి మీసేవ కేంద్రం ముందు ఒక ఇగ్వానా క్యూలో నిలబడిందనుకోండి. నిలబడిందనడం మర్యాద కోసమే. పొట్ట నేలకు రాసుకుంటూ కౌంటర్ దాకా వచ్చింది.

“పేరు?”

“చిట్టి.”

“ఇంటిపేరు?”

“మూడో అంతస్తు.”

“తండ్రి పేరు?”

చిట్టి తల దించుకుంది. గుడ్డు పెట్టి మట్టి కప్పేసి తల్లే వెనక్కి చూడకుండా పోయే వంశం. తండ్రి పేరు అడిగితే ఎక్కడి నుంచి తెస్తుంది?

“పుట్టిన ఊరు?”

“మా వాళ్లది మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వైపు అంటారు. నాకు ఊహ తెలిసేసరికి బ్యాంకాక్‌లో ఉన్నా.”

“మరి ఇక్కడికెట్ల వచ్చినవ్? పాస్‌పోర్టు ఉందా?”

“సాక్సులో వచ్చా.”

“ఏందీ?”

“సాక్సు. కాలికేసుకునేది. అందులో దూర్చి మూతి కట్టి, ఆ సాక్సును సూట్‌కేసులో పెట్టారు.”

ఆపరేటర్ కాసేపు కీబోర్డు వంక చూశాడు. “గది ఈడ కొట్టలేం. మిత్రుడు కానుకిచ్చిండని రాస్తున్న. ఫోటో దిగాలె, జర సీదా నిలబడు.”

చిట్టి ప్రయత్నించింది. కుదరలేదు. “పడుకునే దిగుతాలే అన్నా” అంది.

అసలు సందేహం అప్పుడు బయటపెట్టింది. “అన్నా, నాకు స్థానికత వస్తుందా? నాలుగేళ్లుగా ఇదే బాల్కనీ. అడుగు బయటపెట్టలేదు.” ఎంబీబీఎస్ సీట్ల దగ్గర మన పిల్లల్లో ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్నది తేలక తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరుగుతున్న నెల అది. అదే నెలలో ఇగ్వానాకు మాత్రం చులాగ్గా నంబరు వచ్చేసింది.

కౌంటర్ బయట వేపచెట్టు మీద కూర్చుని ఒక రామచిలుక ఇదంతా చూస్తోంది. దానికి కడుపు మండింది. “నేను తాతల కాలం నుంచి ఇక్కడిదాన్ని. నన్ను పంజరంలో పెడితే కేసు. బ్రెజిల్ నుంచి వచ్చిన మకావ్‌ను పంజరంలో పెడితే రిజిస్ట్రేషనా?”

చిలుక మాటలో అబద్ధం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2024 ఏప్రిల్‌లో తమిళనాడులోని కడలూరులో చిలక జోస్యం చెప్పేవాళ్లను అటవీ అధికారులు అదుపులోకి తీసుకున్నారు. వాళ్ల చిలకల్లో ఒకటి అంతకుముందే ఒక లోక్‌సభ అభ్యర్థికి గెలుపు కార్డు తీసింది. అభ్యర్థి ఓడిపోయాడు, చిలకలు అటవీశాఖ చేతికి వెళ్లాయి. జోస్యంలో ఆ రెండూ లేవు. చిలకను పంజరంలో పెట్టొద్దన్న చట్టం మంచిదే, ఈ కాలమ్‌కు దాంతో పేచీ లేదు. ఎగిరే పిట్టకు ఆకాశం ఒకటే కదా, ఆ చట్టం మకావ్ దగ్గరికి వచ్చేసరికి ఫారంగా ఎందుకు మారింది అన్నదే సందేహం.

నంబరు వచ్చాక ఊరుకుంటారా? పౌరుడన్నవాడు కార్డు చేతికి రాగానే రెండో కార్డు అడుగుతాడు. చిట్టి రేషన్ కార్డు అడిగింది. తాను ఆకులు మాత్రమే తింటుంది కాబట్టి బియ్యం బదులు తోటకూర ఇప్పించాలంది. నలభై, యాభై ఏళ్లు బతికే ఆఫ్రికన్ గ్రే చిలుకలు వృద్ధాప్య పింఛను కోసం సంఘం పెట్టాయి. అడవిలో పట్టిన ఆ జాతి చిలుకల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటెస్ ఒప్పందపు దేశాలు 2016లోనే మెజారిటీ ఓటుతో నిర్ణయించాయి. అయినా మనవాళ్ల డ్రాయింగ్ రూముల్లో అవి ‘హలో’ అంటూనే ఉన్నాయి కనుక సంఘానికి సభ్యుల కొరత లేదు. బాల్ పైథాన్‌కు రేషన్ షాపులో వేలిముద్ర పడలేదు. వేలు లేదు మరి. డీలర్ అలవాటు ప్రకారం “సర్వర్ డౌన్, రేపు రా” అన్నాడు. పైథాన్ భయపడి బంతిలా చుట్టుకుంది. దానికి ఆ పేరు వచ్చిందే అందుకు.

ఇక కుటుంబ వ్యవహారాలు. పిల్లలు పుడితే పోర్టల్‌లో చెప్పాలి, చేతులు మారితే చెప్పాలి, చనిపోతే చెప్పాలి. మన ఊళ్లో మనిషి పోతే మరణ ధ్రువపత్రం కోసం మున్సిపాలిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో తెలిసినవాళ్లకు బల్లి జాతి మీద కొంచెం అసూయ కలగవచ్చు.

ఈ వరస ఇప్పుడు మొదలైంది కాదు. 2020 జూన్‌లోనే కేంద్రం ఒక స్వచ్ఛంద వెల్లడి పథకం పెట్టింది. ఇంట్లో ఉన్న విదేశీ జీవి సంగతి గడువులోగా చెప్పేస్తే చాలు, అదెలా వచ్చిందో కాగితాలు అడగబోమంది. 1997లో నల్లధనానికి ఇలాంటి పథకమే పెట్టారు. అప్పుడు డబ్బు తెల్లబడింది, ఈసారి తెల్లబడింది బల్లులు, పాములు. 32 వేల మందికి పైగా ముందుకొచ్చి తమ ఇంట్లో ఉందని చెప్పుకున్నారు. 2022లో చట్టాన్ని సవరించారు, 2024లో నిబంధనలొచ్చాయి, మళ్లీ గడువు, మళ్లీ ఫారం. దొంగదారిన వచ్చిన జంటకు కాగితం పుడితే, ఆ జంటకు పుట్టే పిల్లలు పుట్టుకతోనే పెద్దమనుషులు. వాటి లెక్కలో రేపు ఇంకో సూట్‌కేసులో దిగిన పిల్లల్ని కలిపేస్తే విడదీసి చెప్పగల మొనగాడు ఎవరు? అన్ని పిల్లలదీ అదే ఆకుపచ్చ రంగు.

సూట్‌కేసు అన్నది వెటకారం కాదు. 2023 జులైలో కౌలాలంపూర్ నుంచి తిరుచిరాపల్లిలో దిగిన ఒక ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో 47 కొండచిలువలు, రెండు బల్లులు దొరికాయి. పట్టుబడిన బ్యాగు అది. పట్టుబడని బ్యాగుల్లోని ప్రాణులు అక్వేరియం షాపుల వెనక గదుల్లోకి, అక్కడి నుంచి రీల్స్‌లోకి వస్తాయి. నాణెమంత ఉన్నప్పుడు కొనుక్కెళ్లిన ఎర్రచెవుల తాబేలు పళ్లెమంత పెరగగానే చెరువు పాలవుతుంది. త్రిసూర్ కాలువలో, గువాహటి ఉగ్రతార గుడి కోనేటిలో తేలినవి అలాంటివే. వదిలేసినవాడు పుణ్యం చేశాననుకుంటాడు. కోనేట్లోని మన తాబేళ్ల తిండి, చోటు అది లాక్కుంటుంది.

కంగారూల సంగతి మనకు మరీ దగ్గరిది. 2022 మార్చిలో పశ్చిమ బెంగాల్, అస్సాం సరిహద్దులో లారీలో వెళ్తున్న ఒక కంగారూ దొరికింది. దానితో పట్టుబడిన ఇద్దరూ హైదరాబాద్ వాళ్లని అప్పట్లో పత్రికలు రాశాయి. కొద్దిరోజులకే, ఏప్రిల్ మొదట్లో, జల్పాయ్‌గురి జిల్లా గజల్‌డోబా ప్రాంతంలో రోడ్ల పక్కన కంగారూలు గెంతలేక తిరుగుతూ కనిపించాయి. ఆస్ట్రేలియా జంతువు తీస్తా ఒడ్డున. ఒంటినిండా గాయాలతో ఉన్న మూడింటిని అటవీ సిబ్బంది పట్టి, సిలిగురిలోని బెంగాల్ సఫారీకి చికిత్సకు తరలించారు. మరొకటి చచ్చిపడి ఉంది. తనిఖీ భయంతో ఎవరో దింపేసి పోయారన్న అనుమానం ఒకటే మిగిలింది.

హైదరాబాద్ నెహ్రూ జూలో 2024 మార్చిలో ఒక గలపాగోస్ తాబేలు పోయింది. వయసు 125 ఏళ్లని అధికారులు చెప్పారు. బాగె ఆమ్ (పబ్లిక్ గార్డెన్స్) నుంచి 1963లో అక్కడికి వచ్చింది. అరవై ఏళ్లు ఒకరి తర్వాత ఒకరుగా కీపర్లు దానికి ఆకు వేశారు, నీళ్లు పెట్టారు, ఎండకు వదిలారు, చివరి పదిరోజులు మేత ముట్టకపోతే డాక్టర్లు చుట్టూ తిరిగారు. పరదేశపు ప్రాణిని సాకడమంటే అంత. ఉద్యోగంలో చేరిన కీపరు రిటైరై, అతని తర్వాతివాడూ రిటైరై, తాబేలు ఇంకా బతికే ఉండటం. మూడో అంతస్తు ఆసామికి అద్దె ఒప్పందం పదకొండు నెలలు.

ఇప్పటిదాకా నవ్వింది చాలు. ఈ పథకాల్లో క్షమాభిక్ష దొరికింది ఇగ్వానాకు కాదు, అది ఏ తప్పూ చేయలేదు. సాక్సు మూతి కట్టినవాడికి, కట్టించినవాడికి, తెలిసీ డబ్బిచ్చినవాడికి దొరికింది. దారిలో ఊపిరాడక పోయిన వాటికి ఏ పోర్టల్‌లోనూ గడి లేదు. నేరం చేసినవాడి ఇంటికి ప్రభుత్వమే గుర్తింపు పత్రం పంపి, దెబ్బలు తగిలి రోడ్డున పడ్డ ప్రాణుల్ని మాత్రం జూ కీపర్ల ఒడిలో పోసి, దీన్ని సంరక్షణ అంటోంది. ఇది సంరక్షణ కాదు. సరుకు లెక్క. గోదాములో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా కూడా బస్తా తడిసిందా అని ఒకసారి చూస్తాడు.

చిట్టి ఫోటోకు ఎందుకు నిలబడలేదని ఆపరేటర్ అడగలేదు. ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా ముందుకాళ్లు ఊని రొమ్ము ఎత్తి నిలబడుతుంది. నేరుగా పడే ఎండ గానీ, ఆ ఎండలోని యూవీ-బి రకం అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం గానీ లేకపోతే తిన్న కాల్షియం దాని ఎముకలకు పట్టదు. బాల్కనీ అద్దం గుండా ఆ కిరణాలు దాదాపుగా రావు. దవడ మెత్తబడుతుంది, వెన్ను వంకర పోతుంది, కాళ్లు ఒంటి బరువు మోయలేవు. నాలుగేళ్లుగా చిట్టి ఉంటున్నది ఆ అద్దం వెనకే.