సీసం సంచి మాహాత్మ్యం

విమానం ఎక్కబోయే తెలుగువాణ్ణి రెండు భయాలు పట్టి పీడిస్తాయి. చేతిసంచిలో పెట్టుకున్న ఆవకాయ సీసా లాగేసుకుంటారేమోనన్నది మొదటిది. ఇది న్యాయమైన భయం. లాగేసుకుంటారు, చెత్తబుట్టలో వేస్తారు, అత్తగారి కష్టం అక్కడితో సరి. ఎక్స్‌రే యంత్రంలో దూరిన ఫోను, కెమెరా, హార్డ్ డిస్కు అవతలికి ఖాళీగా వస్తాయన్నది రెండోది. రోజూ లక్షలాది ఫోన్లు ఆ సొరంగంలో దూరుతున్నాయి. అవతలివైపు యజమాని జేబులో పడకముందే గుడ్ మార్నింగ్ మెసేజీలు అందుకుంటున్నాయి. అయినా భయం పోలేదు. పోకపోగా దానికో ఆచారం పుట్టింది, ఆచారం వెంట అంగడి పుట్టింది.

ఆచారంలో ముఖ్య ద్రవ్యం అల్యూమినియం రేకు. మెమరీ కార్డుకి ఒక చుట్టు, హార్డ్ డిస్కుకి రెండు చుట్లు. బాలిలో ప్రీ-వెడ్డింగ్ షూట్ ముగించుకొచ్చే ఫోటోగ్రాఫరు సంచి తెరిస్తే ఏది హార్డ్ డిస్కో ఏది పులిహోరో తేల్చడం కష్టం. రెంటికీ ఒకటే తొడుగు. రేకు మెరిసే వైపు బయటికి ఉండాలా లోపలికి ఉండాలా అన్నదాని మీద రెండు సంప్రదాయాలున్నాయి. ఒకరి చుట్టడం ఒకరికి నచ్చదు.

వంటింటి రేకు మందం మిల్లీమీటరులో నూరోవంతో, రెండు వంతులో. విమానాశ్రయపు యంత్రం అంగుళం పైన మందమున్న ఉక్కుపలక వెనక ఏముందో కూడా చూపించగలదు. దాని సత్తాను పరీక్షించేదే ఉక్కుపలకలు పెట్టి. అలాంటి కిరణానికి మధ్యలో రేకు ఒకటి తగిలిందన్న సంగతే తెలియదు. తెలిసినా నష్టం లేదు, ఎందుకంటే లోపలున్న కార్డుకి అది చేయగలిగింది ఏమీ లేదు. మెమరీ కార్డులో బొమ్మలు నిలిచేది కోట్లాది చిన్న అరల్లో, విద్యుదావేశం రూపంలో. వాటిని కదిలించాలంటే తనిఖీ యంత్రపు మోతాదు వేల రెట్లు పెరిగినా చాలదు. పాతరకం హార్డ్ డిస్కులో రాత అంతా అయస్కాంతపు రాత, దాని జోలికి ఎక్స్‌రే పోనే పోదు.

ఈ సంగతి కార్డులు అమ్మే కంపెనీలకు బాగా తెలుసు. అందుకే అట్ట మీద 'ఎక్స్‌రే ప్రూఫ్' అని పెద్ద అక్షరాలతో అచ్చేస్తాయి. అన్ని కార్డులకీ పుట్టుకతో ఉన్న గుణాన్ని ఒక కార్డుకి మాత్రం బిరుదుగా తగిలించడం అన్నమాట. వేరుశెనగ నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసుకోవడం చూశాం కదా, ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదన్న సంగతి డబ్బా చెప్పదు.

రేకుతో తృప్తిపడని వాళ్ళకి ఫోను వెనక అతికించుకునే 'రేడియేషన్ నిరోధక' స్టిక్కర్లున్నాయి. 2020 అక్టోబరులో సాక్షాత్తూ గోసంరక్షణకని కేంద్ర ప్రభుత్వం పెట్టిన రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షులవారే ఆవుపేడతో చేసిన చిప్పొకటి పత్రికలవారికి చూపించి, ఫోను రేడియేషన్‌ను ఇది తగ్గిస్తుందని సెలవిచ్చారు. ఆధారాలేవని వందలమంది శాస్త్రవేత్తలు లేఖ రాశారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో, మన దేశం నుంచి వచ్చిన ఒక సూట్‌కేసులో రెండు పిడకలు దొరికాయి. అవి ఎవరి ఫోన్నీ కాపాడకముందే కస్టమ్స్ వారు వాటిని నాశనం చేశారు.

తనిఖీ దగ్గర ల్యాప్‌టాప్‌కి అసలు ప్రమాదమే లేదనుకుంటే పొరపాటు. బోలెడంత ఉంది, బెల్టు చివర కాచుకుని ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే పొద్దుటి విమానం వరుసలో నిలబడి చూడండి. ఒకే కంపెనీ ఇచ్చిన ఒకే నల్లటి ల్యాప్‌టాపులు ట్రేకి ఒకటి చొప్పున తోసుకుంటూ వస్తుంటాయి. ఒకాయన బెల్టు బిగించుకుంటూ, ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుంటూ, మూడో ఆయన ఆఫీసు ఫోను మాట్లాడుతూ చేతికందింది పట్టుకుపోతారు. వెనక ట్రే వచ్చి ముందు ట్రేని గుద్దితే అంచున ఉన్న కెమెరా నేల మీద పడుతుంది. ఈ ప్రమాదానికి ఎవరూ సంచి అమ్మరు. విరుగుడు మాత్రం ఉంది: మూత మీద పది రూపాయల వెంకటేశ్వరస్వామి స్టిక్కరు. మొత్తం ఈ రక్షణ సామగ్రిలో నిక్కచ్చిగా పనిచేసేది ఇదొక్కటే.

విమానానికి మన సామాను వల్ల వచ్చే ముప్పు కూడా ఒకటుంది. పవర్‌బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే కనీసం కళ్ళెదుట అంటుకోవాలని ఆ నిబంధన. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం నేల మీదుండగానే తగలబడింది. పై అరలోని పవర్‌బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. మన రేకు భక్తుడు ఏం చేస్తాడంటే, మెమరీ కార్డును గుండెలకు హత్తుకుని, పవర్‌బ్యాంకును పెద్దపెట్టెలో బట్టల కింద దూరుస్తాడు.

ఆ తర్వాత విమానమెక్కి కిటికీ పక్కన కూర్చుంటాడు. 35,000 అడుగుల ఎత్తున, గాలిపొర పల్చబడిన చోట, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు ఆయన్నీ కార్డునీ గంటల తరబడి తడుముతూనే ఉంటాయి. అమెరికా చేరేసరికి ఒంటికి తగిలే మోతాదు దాదాపు ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నంత. మామూలు చేతిసామాను యంత్రం ఇచ్చేది దీని ముందు చిటికెడు. అయినా ఆకాశానికి ఎవరూ రేకు చుట్టలేదు కాబట్టి ఆ లెక్క ఎవరూ తీయరు.

ఇంతకీ ఎక్స్‌రే తగిలితే నిజంగా పాడయ్యే వస్తువు ఒకటుంది: కెమెరా ఫిల్ము. చచ్చిందనుకున్న ఈ ఫిల్ము మళ్ళీ లేచింది. డిజిటల్ దెబ్బకి తాత స్టూడియో మూసుకుంటే, మనవడు సాఫ్ట్‌వేర్ జీతంతో పాత నికాన్ కొని, రోలు వెయ్యి రూపాయలకు పైన పోసి, 36 ఫోటోలు ఆచితూచి తీసుకుంటున్నాడు. ఇతని భయానికి మూలం ఉంది. కాబట్టే ఇతన్ని ఎవరూ నమ్మరు.

ఫిల్ముకి ఎక్స్‌రేతో బంధుత్వం ఈనాటిది కాదు. 1895లో ఎక్స్‌రేలను కనుగొన్న రాంట్‌గెన్ తన భార్య చేతి ఎముకల్నీ ఉంగరాన్నీ చూపించింది ఫోటో పలక మీదే. మరుసటి ఏడాది బెకెరెల్ నల్లకాగితంలో చుట్టిన పలక పక్కన యురేనియం లవణం పెట్టి, ఎండ లేక సొరుగులో ఉంచేస్తే, వెలుతురు సోకని ఆ పలక మీద మచ్చ వచ్చింది. రేడియోధార్మికత బయటపడింది అలాగే. వీటన్నిటికన్నా గొప్ప సంగతి 1945లో జరిగింది. న్యూ మెక్సికో ఎడారిలో జూలై 16న అమెరికా తొలి అణుబాంబు పేల్చి, ఎవరికీ చెప్పకుండా గుట్టుగా ఉంచింది. కొన్నాళ్ళకి కొడాక్ వారి ఎక్స్‌రే ఫిల్ము మీద మచ్చలు రావడం మొదలైంది. జూలియన్ వెబ్ అనే వారి శాస్త్రవేత్త కూపీ లాగితే, ఫిల్ముల మధ్య పెట్టే గడ్డి అట్టలో దోషం తేలింది. ఆ అట్ట తయారైంది వెయ్యి మైళ్ళ అవతల ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్ ఊళ్ళో, నది నీళ్ళతో. బాంబు ధూళి వానలో కలిసి, నదిలో కలిసి, అట్టలోకి చేరింది. ప్రభుత్వం దాచిన రహస్యాన్ని ఫిల్ము పసిగట్టింది.

అంత సున్నితమైన దాన్ని పట్టుకుని "దీనికేం కాదు" అనడానికి మన విమానాశ్రయాల్లో ఎవరికీ అర సెకను పట్టదు. పాత యంత్రాల మీద 'ఫిల్ముకు హాని లేదు' అన్న చీటీ ఉండేది. ఆ మాట ఆ యంత్రానికి సగం నిజమే. మామూలు 200, 400 స్పీడు ఫిల్ము నాలుగైదు సార్లు వెళ్ళొచ్చినా పెద్దగా తేడా తెలిసేది కాదు. స్పీడు 800 దాటిన సున్నితమైన ఫిల్ముకి మాత్రం జాగ్రత్త పడమనేవారు, ఎందుకంటే ఎక్స్‌రే దెబ్బ ఒకసారికి చెరిగిపోదు, పాత బాకీకి కొత్త బాకీ చేరుతుంది. ఇప్పుడొచ్చేవి సీటీ స్కానర్లు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ లాంటి చోట్ల చేతిసామానుకి ఇవే. వీటిలో కిరణాల మూలం సంచి చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి కొడుతుంది. ల్యాప్‌టాప్ బయటికి తీయక్కర్లేదని జనం మురిసిపోతున్నారు. ఫిల్ముకి మాత్రం ఒక్క ప్రదక్షిణ చాలు, నలుపు బూడిదరంగుకి దిగిపోతుంది, బొమ్మ మీద ఇసక చల్లినట్టు గరుకు లేస్తుంది. కొడాక్, ఇల్‌ఫర్డ్ రెండూ నోరు విప్పి సీటీలో పెట్టొద్దు, చేత్తో తనిఖీ చేయమని అడగండి అని చెప్పాయి. యంత్రం మారింది, మాట మారలేదు. 1990లనాటి చీటీలో ఉన్నదే ఇవాళ్టి యంత్రం ముందు నిలబడి వల్లిస్తున్నారు.

పెద్దపెట్టెలో పెట్టి పంపడం ఇంతకన్నా తెలివితక్కువ పని. అక్కడి స్కానర్లు మొదటి నుంచీ మొరటువి. ఫిల్ము మీద అలలు అలలుగా మసక పట్టీలు వేసి పంపుతాయి.

ఇక్కడే సీసం సంచి రంగప్రవేశం చేస్తుంది. రెండు మూడు వేలు పోస్తే, లోపల సీసపు పొర ఉన్న నల్లటి సంచి వస్తుంది. దీని మహిమ ఎలా పనిచేస్తుందో చూడండి. సీసం పల్చగా ఉంటే కిరణం దాటి లోపలికి పోతుంది, ఫిల్ముకి తగలాల్సింది తగులుతుంది. సీసం దట్టంగా ఉంటే తెర మీద నల్లటి ముద్ద కనిపిస్తుంది. తనిఖీ తెర ముందు కూర్చున్నాయన కొలువే నల్లటి ముద్దల్ని అనుమానించడం. బెల్టు ఆపుతారు, సంచి పక్కకి లాగుతారు, ఫిల్ము బయటికి తీసి ఉత్త ట్రేలో పడేసి మళ్ళీ యంత్రంలోకి తోస్తారు. అదృష్టం బాగుంటే చేత్తో చూసి పంపిస్తారు. అంటే మూడు వేల రూపాయల సంచి సాధించి పెట్టగల అత్యుత్తమ ఫలితం, "సర్, కొంచెం చేత్తో చూడండి" అని నోరు తెరిచి అడిగితే పైసా ఖర్చు లేకుండా దక్కేదే.

అడగడం తేలికేమీ కాదు, నిజమే. అమెరికాలో డెవలప్ చేయని ఫిల్మును చేత్తో చూడమని అడగొచ్చని అక్కడి విమానాశ్రయాల్లో తనిఖీ చేసే టీఎస్‌ఏ వారే చెబుతారు. ఒక చిన్న పట్టీతో తుడిచి, పేలుడు పదార్థాల ఆనవాలు లేదని చూసి ఇచ్చేస్తారు. బ్రిటన్‌లో అది ఎదుటివారి దయ. మన దగ్గర దయతో పాటు తరాల అంతరం కూడా దాటాలి. ఇరవై మూడేళ్ళ జవాను చేతిలో రోలు పెడితే మాటలు ఇలా నడుస్తాయి:

"యే క్యా హై?"

"ఫిల్మ్ హై సర్. కెమెరా రీల్."

"రీల్ తో మొబైల్ మే హోతా హై."

అతన్ని తప్పుపట్టలేం. పుట్టి బుద్ధెరిగాక ఫిల్ము చూసి ఉండడు. ఇనప డబ్బీ, లోపల చుట్టగా చుట్టిన ఏదో పట్టీ, బయటికి నాలుకలా వేలాడే ముక్క. అనుమానించకపోతేనే అతను కొలువు సరిగా చేయనట్టు. వెనక రెండు వందలమంది, వాళ్ళ వెనక బోర్డింగ్ పిలుపు. ఓపిక ఉన్నవాడైతే డబ్బీని చెవి దగ్గర ఆడించి చూస్తాడు. పని మీద మరీ శ్రద్ధ ఉన్నవాడైతే నాలుక పట్టుకుని లాగి, మొత్తం 36 ఫోటోల్నీ ట్యూబులైటు వెలుగులో తనిఖీ చేస్తాడు. కెమెరాలో ఎక్కించి ఉన్న రోలు గతి ఇంకా ఘోరం: "ఖోల్ కే దిఖావో." వెనక మూత తెరవగానే పని పూర్తి. సీటీ స్కానరుకు చేతకాని వేగం.

ఇవన్నీ తెలిసినవాళ్ళు చేసే పని చప్పగా ఉంటుంది. కెమెరా ఖాళీ చేసి, రోళ్ళను డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన జిప్ సంచిలో వేసి చేత పట్టుకుంటారు, కాస్త ముందుగా వస్తారు, రద్దీ లేని వరుస చూసుకుంటారు, నవ్వుతూ అడుగుతారు. కుదరదంటే, పాత ఎక్స్‌రే వరుస పక్కన ఉందేమో వాకబు చేసి అటు వెళ్తారు. ఇంకా ముందుచూపున్నవాళ్ళు దిగిన ఊళ్ళోనే ఫిల్ము కొని, తిరుగు విమానం ఎక్కకముందే అక్కడే డెవలప్ చేయించుకుంటారు. నెగటివ్ ఒకసారి కడిగితే ఏ ఎక్స్‌రే అయినా దాన్ని ఏమీ చేయలేదు. ఇందులో కొనాల్సిన వస్తువు లేదు, ఫార్వర్డ్ చేయదగ్గ రహస్యం లేదు. కాబట్టి దీనికి ప్రచారమూ లేదు.

ప్రచారం ఉన్న సరుకు మరొకటుంది. ఏ కిరణమూ తాకని శుభ్రమైన డిజిటల్ బొమ్మ మీద, సరిగ్గా ఫిల్ము చెడినప్పుడు వచ్చే మసకనీ గరుకునీ అంచుల్లో ఎర్రటి మరకల్నీ అద్దిపెట్టే యాపులు. ఒక్క బటను నొక్కితే చాలు, స్కిపోల్ దాకా పోనక్కర్లేదు. రేకు చుట్టి సరిహద్దులు దాటించిన పెళ్ళి ఫోటోల్ని మన ఫోటోగ్రాఫరు ఆల్బమ్‌కి పంపే ముందు ఆ బటను నొక్కుతాడు. దానికి పెళ్ళివారి దగ్గర 'వింటేజ్ లుక్' పేరుతో విడిగా వసూలు చేస్తాడు.