మా ఆఫీసు విభీషణుడు

మా ఆఫీసు తలుపు వేలిముద్ర వేస్తేగానీ తెరుచుకోదు. వేలికి ఆవకాయ నూనె అంటిందంటే ఎనిమిదేళ్ల సర్వీసున్నా నన్ను గుర్తుపట్టదు. ఇంత కాపలా ఉన్న లంకలో కిటికీ పక్కన ఓ ప్రింటర్ ఉంది. కాగితం ఇరుక్కున్నప్పుడు డొక్కలో ఒక్కటి గుద్దడం తప్ప దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

మొన్న అది మొరాయించిన రోజున మా ఐటీ కుర్రాడు వాళ్లూరి జాతరలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, దాని ఐపీ అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టమన్నాడు. కొట్టాను. పేరడిగింది.

"అడ్మిన్ అని కొట్టండి సార్."

"పాస్‌వర్డో?"

"అదీ అడ్మినే! కొన్నప్పట్నుంచీ మార్చలేదు!" అని డప్పుల మోతను మించి అరిచాడు. జాతరంతా వినే ఉంటుంది.

లోపలికి వెళ్దును కదా, ఎవరు ఏం ప్రింట్ తీశారో పేర్లతో సహా చిట్టా ఉంది. పెద్దమ్మాయి జాతకం, ఎవరిదో ఇంటి లోను, వాటి కింద మా మేనేజర్ గారి పేరుతో 'రాజీనామా ఫైనల్ 3'. ఒకటీ రెండూ ఎప్పుడు తీశారో!

సరిచేయడానికి తిరిగొచ్చిన కుర్రాడు ఇంకా భయపెట్టాడు. ఈ ప్రింటర్లకు 9100 నంబరు పోర్టని ఓ దొడ్డిగుమ్మం ఉంటుందట. అది ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఎవరేం పంపినా, నువ్వెవరని అడక్కుండా అచ్చేస్తుంది. 2018 నవంబరులో ఒకడు ఆ దారినే సుమారు 50,000 ప్రింటర్లకు కాగితాలు పంపానని చెప్పుకున్నాడు. ప్యూడీపై అనే యూట్యూబర్‌కి సబ్‌స్క్రైబ్ చేయండని! "మరి టోనర్ ఖర్చెవడిది?" అన్నాడు మా అటెండర్. సంస్థ బాగు కోరేది ఆయనొక్కడే.

అచ్చేయడమే కాదు, ఊరుకోవడమూ ప్రమాదమే. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకులో లావాదేవీలు అచ్చేసే ప్రింటర్ మూగబోయింది. మామూలు జబ్బే అనుకున్నారు. పాపం, నేనైనా అలాగే అనుకుందును. దాని నోరు నొక్కింది దొంగలు. 8.1 కోట్ల డాలర్లు పోయాయి.

పాస్‌వర్డ్ మార్పించాం. అయినా నా బయోడేటా అక్కడ తీయడానికి మనసొప్పక, పెన్‌డ్రైవ్ పట్టుకుని సందు చివరి జిరాక్స్ షాపుకి వెళ్లాను. షాపతని కంప్యూటర్ తెర నిండా ఎవరెవరివో ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, మధ్యలో 'రాజీనామా ఫైనల్ 4'.