పంటిమీద నెపం

సిగరెట్ ముట్టలేదు, గుట్కా నమల్లేదు. ఈ మాట ఎంత గర్వంగా చెప్పుకునేవాణ్ణో! నాది ఉత్త వక్క. భోజనమయ్యాక ఒక పలుకు, బేరాల్లేనప్పుడు ఒక పలుకు, పక్కషాపాయన వస్తే మర్యాదకి ఇంకోటి. రాత్రి బుగ్గన పెట్టుకునే నిద్రపోయేవాణ్ణి. పైగా నడిపేది మందుల షాపు. గుట్కా కుర్రాళ్ళు నోటిపూతకి మందడిగితే ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తరవాతే స్ట్రిప్పు చింపేవాణ్ణి. వక్కపలుకు ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి నెట్టుకుని మరీ.

మొదట ఆవకాయ మంట పుట్టింది. ఈ ఏడాది కారం ఘాటెక్కువ తెచ్చావని మా ఆవిణ్ణి సాధించాను. పాపం, నాకోసం ముక్క కడిగి వేసేది. తరవాత పానీపూరీ నోట్లో పట్టడం మానేసింది. పూరీలు పెద్దవి చేస్తున్నావని బండి కుర్రాడితో వాదన! "సైజు అదే అంకుల్" అన్నాడు. నిజమే చెప్పాడు. వక్క బుగ్గ లోపలి పొరని నారకట్టించి బిగించేస్తుంది, నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. మన మూడు వేళ్ళు నిలువునా పళ్ళమధ్య పట్టాలి. నాకు రెండే కష్టంగా పట్టేవి. పొగాకు కలవని వక్కయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. నా వక్కల డబ్బీకి ఆ కబురు అందలేదు.

ఆపైన కుడిబుగ్గలో పుండు. చుట్టూ తెల్లమచ్చ, వేలితో తడిమితే అంచు గట్టిగా తగిలేది. నొప్పి లేదు గనక ఏమీ లేదనుకున్నాను. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదని, రెండు వారాల్లో మానని నోటిపుండుని డాక్టరుకి చూపించాలని నా షాపు గోడమీద పోస్టరే ఉంది. నేను మాత్రం బీ-కాంప్లెక్స్ మింగాను, జెల్లు రాశాను, జెల్లు బ్రాండు మార్చాను. చివరికి దవడపన్ను మొనదేలి గీసుకుంటోందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, అరగదీయించుకుందామని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పన్ను వంక చూడనే లేదు. దవడ కింద, మెడమీద వేళ్ళతో నొక్కి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. "ముక్క తీస్తే పాకుతుందంటారు కదమ్మా?" అన్నాను. మందుల షాపువాణ్ణి, సిగ్గులేకుండా! అలా పాకదని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

పరీక్షలో క్యాన్సరనే తేలింది. ఆపరేషన్లో బుగ్గ లోపలి భాగం, మెడలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి బుగ్గలో అతికారు. ఆ పైన ఆరువారాల రేడియేషన్. దానికి ముందే పుచ్చిపళ్ళు పీకేశారు. రేడియేషన్ తగిలిన ఎముకలోంచి తరవాతెప్పుడో పన్ను పీకితే ఆ గాయం ఒకపట్టాన మానదట. ఉమ్మి ఎండిపోయి, ఇడ్లీ కూడా మజ్జిగలో నానితే తప్ప దిగేది కాదు.

ఇప్పుడు పూటపూటా పళ్ళమధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా దోపి దవడకి కసరత్తు చేయిస్తున్నాను. మొన్న నన్ను చూడ్డానికొచ్చిన మా బావమరిది, మంచం పక్కనే కూచుని తీపి వక్కపొడి పొట్లం చింపాడు. "ఇందులో ఏముంది బావా, సోంపేగా!"

వేళ్ళు మూడూ నోట్లో నిలబెట్టమన్నాను. రెండు దూరాయి, మూడోది పళ్ళకి తగిలి ఆగింది.

"నాకు చిన్నప్పట్నుంచీ నోరు చిన్నదే" అన్నాడు.

సోమవారానికి టోకెన్ రాయించాను. వాడు కూడా ఏ పంటిమీదో నెపం పెట్టేలోపు బండెక్కించాలి.