మడి కట్టుకున్న డాక్టరు

అమెరికా ఆస్పత్రిలో పొద్దున్నే రౌండ్సు జరుగుతున్నప్పుడు వరసలో చిట్టచివరి మనిషిని చూడండి. ముందు అటెండింగు అనే పెద్ద డాక్టరు, ఆ వెనక రెసిడెంట్లు, వాళ్ల వెనక మెడికల్ స్టూడెంట్లు, ఫార్మసిస్టు. వీళ్లందరికీ తలుపు పట్టుకుని, అంతా లోపలికి వెళ్లాక తను దూరే మనిషే మన అబ్జర్వరు. ఇస్త్రీ నలగని తెల్లకోటు, జేబులో చిట్టి నోట్‌బుక్కు, వెనక్కి కట్టుకున్న చేతులు. మొహంలో మాత్రం "అడగండి, చెప్పేస్తా" అన్న ఆత్రం.

ఎవరూ అడగరు.

ఈయన గుంటూరులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్ చదివి, ఏడాది హౌస్ సర్జన్సీ వెలగబెట్టి వచ్చినవాడు. క్యాజువాల్టీలో అర్ధరాత్రి కరెంటు పోతే సెల్‌ఫోను వెలుగులో కుట్లు వేసిన చేతులవి. ఐవీ లైన్లూ, రైల్స్ ట్యూబులూ, కాథెటర్లూ పెట్టాడు. శాంపిళ్లు తనే తీసి, తనే ల్యాబుకు మోశాడు. వార్డుబాయ్ దొరక్కపోతే ట్రాలీ కూడా తోశాడు. ఇక్కడ పేషెంటును ముట్టుకోకూడదు. మందు రాయకూడదు. కేస్ షీటు చూద్దామంటే కంప్యూటర్లో లాగిన్ ఇవ్వరు. రెసిడెంటు భుజం మీదుగా మెడ సాచి చదువుకోవాల్సిందే. 1996 నాటి హిపా చట్టం గురించి పాఠం చెప్పి, పేషెంటు సంగతులు ఎక్కడా నోరు జారనని సంతకం చేయించుకుంటారు. స్వహస్తాలతో ఆయన చేసే ప్రొసీజరు ఒక్కటే: గోడకున్న శానిటైజరు నొక్కడం. గదిలోకి వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి, అది మాత్రం దివ్యంగా చేస్తాడు.

ఈ భాగ్యానికి ఎదురు డబ్బివ్వాలి. తెలిసిన డాక్టరుంటే ఊరికే దొరకొచ్చు. ఏజెన్సీ చేతిలో పడితే నెలకు వెయ్యి డాలర్లు దాటిపోతుంది. దానికి ముందు చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ, వీసా చేతికొచ్చాక మళ్లీ చిలుకూరులో 108. ఆపైన టీబీ పరీక్ష. పుట్టగానే వేసిన బీసీజీ పుణ్యమా అని చర్మం మీద సూది వేసినచోట కాస్త పొంగిందంటే, తనకే జబ్బూ లేదని డాక్టరుగారు రక్తమిచ్చి రుజువు చేసుకోవాలి.

ఇదంతా ఒక ఉత్తరం కోసం. రెసిడెన్సీ సీటుకు కావాల్సిన లెటర్ ఆఫ్ రికమండేషన్. ఒకప్పుడు అమెరికా డాక్టరీ లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ స్టెప్ వన్‌లో 250 దాటినవాడు బంధువులందరిలో కాలరెగరేసేవాడు. 2022లో, సరిగ్గా మన రిపబ్లిక్ డే నాటి నుంచి, ఆ పరీక్షకు పాసూ ఫెయిలూ తప్ప మార్కులు లేకుండా చేశారు. ఎల్‌కేజీ నుంచి మార్కులే ఊపిరిగా పెరిగిన తెలుగు కుర్రాడికి అంతకన్నా దెబ్బేముంది? ఇక చూపించుకోవడానికి మిగిలినవి స్టెప్ టూ మార్కులు, అమెరికా డాక్టర్లు రాసే ఉత్తరాలు. ఒక్కో రెసిడెన్సీ ప్రోగ్రాముకు నాలుగు దాకా పంపొచ్చు. కాబట్టి మనవాడు నెలకో ఊరు, ఊరికో బేస్‌మెంటు మారుతూ, మంచులో బస్సు కోసం నిలబడి ఉత్తరాలు పోగుచేస్తాడు.

నాన్నగారు ఊళ్లో టీకొట్టు దగ్గర, "మావాడు అమెరికాలో రోజుకు పాతికమంది పేషెంట్లను చూస్తున్నాడండీ" అంటుంటారు. అందులో అబద్ధమన్నది ఒక్క అక్షరం లేదు.

డెట్రాయిట్ వైపు ఒక వార్డులో ఓ రోజు తెలుగు పేషెంటు తగిలింది. కూతురి పురుటికొచ్చి కళ్లు తిరిగి పడిపోయిన అమ్మమ్మ. ఊరూ పేరూ అడక్కండి, హిపా ఒప్పుకోదు. దుబాసీ పనికి ఆస్పత్రివాళ్లు నియమించిన మనిషి ట్యాబ్లెట్ తెరలోంచి మాట్లాడుతోంది. అమ్మమ్మ ఆ తెరను వదిలేసి గుమ్మం వైపు చూసింది.

"నాయనా, తెలుగువాడివేనా?"

"అవునమ్మమ్మా."

"డాక్టరువేనా?"

"డాక్టర్నే."

"మరి అంతదూరాన నిలబడ్డావేం? ఇలా వచ్చి నాడి చూడు."

"నేను ముట్టుకోకూడదమ్మమ్మా."

"ఏం, మడి కట్టుకున్నావా?"

ఆవిడ ఏమంటోందని అటెండింగు అడిగాడు. మనవాడు గొంతు సవరించుకుని, "ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ గురించి అడుగుతోంది సార్" అన్నాడు. ఈ వయసులో ఎంత అవగాహనో అని అటెండింగు ముచ్చటపడిపోయాడు.

ఇంతలో నర్సు ఐవీ పెట్టబోయింది. రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదు. మనవాడికి ఆ నరం గుమ్మం దగ్గర్నుంచే కనిపిస్తోంది: ముంజేతి మీద బొటనవేలి వైపు, లావుగా, తిన్నగా. వెనక్కి కట్టుకున్న కుడిచేతి చూపుడువేలు తనంతట తనే ఎడమ ముంజేతి మీద దాన్ని తడుముతోంది. గుంటూరులో అయితే ఈపాటికి సెలైను ఎక్కుతూ ఉండేది. నోరు మాత్రం విప్పలేదు. ఉత్తరం రావాలి కదా!

శనివారం పాట్‌లక్‌కు వెళ్తే అక్కడ ఆంటీలు గోంగూర పచ్చడితోపాటు కొలెస్ట్రాల్ రిపోర్టులూ పట్టుకొస్తారు. లైసెన్సు లేదు కనుక, "మీ డాక్టరుగారిని అడగండి ఆంటీ" అంటాడు. "నువ్వు డాక్టరువి కావూ?" అని ఆవిడ పచ్చడి గిన్నె కొంచెం వెనక్కి జరుపుతుంది.

ఇన్ని తిప్పలు పడి సంపాదించిన ఉత్తరాన్ని ఆయన చదవడానికి లేదు. చదివే హక్కు వదులుకుంటున్నానని ముందే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే ఆ ఉత్తరానికి విలువుండదని సీనియర్లు చెప్పారు. రాసిన డాక్టరు దాన్ని నేరుగా పోర్టల్‌లో ఎక్కించేస్తాడు. అందులో ఏముందో తేల్చుకోవడానికి మనవాడికి ఉన్న ఆధారం, ఆఖరిరోజున అటెండింగు చెప్పిన "గుడ్ లక్" ఒక్కటే. దాన్ని రాత్రంతా అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. మార్చి మూడోవారం దాకా అదే పని. ఆ వారం సోమవారం సీటొచ్చిందో లేదో చెబుతారు, ఎక్కడొచ్చిందో శుక్రవారం గానీ చెప్పరు. ఆ నాలుగు రోజులూ ఇండియా ఫోన్లు ఎత్తకుండా ఉండడం ఏ రెసిడెన్సీలోనూ నేర్పరు.

నిజానికి ఆయన పనితనానికి సాక్షులు వేరే ఉన్నారు. గుంటూరు వార్డులో మొదటి సూది సరిగ్గా పడకపోయినా "పర్లేదులే బాబూ" అని రెండో చెయ్యి చాపిన కూలీలు, ముసలమ్మలు. కుట్టు ఎలా లాగాలో కసిరి నేర్పిన స్టాఫ్ నర్సు. ఆ చేతులను తయారుచేసింది వాళ్లు. ఏ ఫారంలోనూ వాళ్ల సంతకానికి గడి లేదు.

అమ్మమ్మ మాత్రం పోర్టళ్ల జోలికి పోలేదు. డిశ్చార్జి రోజున చక్రాల కుర్చీలో కూర్చుని, ఆయన వింటుండగానే కూతురికి తన సిఫారసు వినిపించేసింది:

"పిల్లాడు బుద్ధిమంతుడేనే పాపం, పొద్దున్నే వచ్చి నిలబడతాడు. వైద్యమే ఇంకా చేతకాదు."