గాలికి కౌలు

కొల్లేటి అంచున చేపల చెరువు లీజుకు పట్టినవాడికీ, పెదపాడు మండలంలో వరి ఊడ్చినవాడికీ ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు: పంట పండినా మునిగినా కౌలు ఆగదు. అయితే జేబులో ఉన్న ఫోనుకూ కౌలుందని, అదీ తామే కట్టామని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. షాపువాడిచ్చిన బిల్లులో ఆ పద్దు కనపడదు మరి.

కాలిఫోర్నియాలో క్వాల్‌కామ్ అనే ఆసామి ఉన్నాడు. ప్రధానమైన చిప్పులు తైవాన్‌లోనో కొరియాలోనో చేయించుకుంటాడు. తన ఆస్తి అంతా గాలిలోనే. గాలిలో మాట ఎలా పోవాలో ముందుగా కనిపెట్టి, ఆ దారులన్నీ పేటెంట్లుగా రాయించుకున్నాడు. అందులో తెలివి ఉంది, కాదనను. ఆ తర్వాతిదే చూడండి. 5జీ ఫోను ఎవరు చేసినా నూటికి 3.25 అని రేటు ప్రకటించాడు. తన చిప్పు ధర మీద కాదు, మొత్తం ఫోను ధర మీద! కెమెరా మెరుగైతే కౌలు పెరుగుతుంది, తెర పెద్దదైతే పెరుగుతుంది. కౌలుదారు తన ఇంటికి సున్నం వేయించుకున్నాడని ఎకరాకు బస్తా పెంచిన భూస్వామి ఏలూరు చుట్టుపక్కల నాకైతే తగల్లేదు. దయగల దొర కాబట్టి ఫోను ధర 400 డాలర్లు దాటాక లెక్కించనన్నాడు.

యాపిల్ అంతటి మోతుబరి 2017లో ఇదేం కౌలంటూ కోర్టుకెక్కింది. 2019 ఏప్రిల్‌లో రాజీపడి డబ్బు కట్టింది. అదే రోజు మరో చిప్పుల కంపెనీ ఇంటెల్, ఫోన్లో గాలి మాటను అందుకునే చిప్పుల, అంటే 5జీ మోడెమ్‌ల వ్యాపారానికి దణ్ణం పెట్టేసింది. 2010లో ఇన్ఫినియన్ వైర్‌లెస్ విభాగానికి 140 కోట్ల డాలర్లు బేరమాడిన కంపెనీ, ఆఖరికి మోడెమ్ విభాగాన్ని 100 కోట్లకు ఆ యాపిల్‌కే అమ్ముకుంది. అమెరికా ప్రభుత్వ సంస్థే క్వాల్‌కామ్ మీద దావా వేసి, 2020లో అప్పీలులో ఓడింది. చిప్పుల కంపెనీలకు వైర్‌లెస్ మీద ఇంత మోజెందుకని అడిగేవాళ్లు అమాయకులు. కంప్యూటరు ఇంటికొకటి, ఫోను మనిషికొకటి.

ఇక మన పాలకుల సంబరం. ఫోన్ల అమ్మకాలు పెరిగాయి, కాబట్టి దేశం వెలిగిపోతోందట! సరే, మన వెలుగు చూద్దాం. 2006లో హైదరాబాద్ శివార్లలో ఫ్యాబ్ సిటీ అన్నారు, సెమ్‌ఇండియా 300 కోట్ల డాలర్లతో చిప్పుల కర్మాగారం పెడుతుందన్నారు. అదే ఏడాది ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఇక్కడ అక్రమ చెరువుల గట్లు పేల్చారు. గట్లు నిజంగానే పేలాయి. కర్మాగారం మాత్రం కాగితం దిగలేదు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వచ్చి షావోమీ ఫోన్లు బిగించింది. 2025 ఆగస్టులో కేంద్రం మనకో ప్లాంటు మంజూరు చేసింది, ఏటా 9.6 కోట్ల చిప్పులకట. తీరా చూస్తే అది ప్యాకేజింగ్ ప్లాంటు. బిగింపు కూలీ ముట్టింది, తొడుగు కూలీ ముట్టబోతోంది. అదీ మేలే, కూలి అడుగుతున్న పిల్లలున్నారు.

మరి తెలివి లేదా? వట్లూరులోనే సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ 1989 నుంచి నడుస్తోంది. ఈసీఈ చదివిన కొల్లేటి కుర్రాడికి అదృష్టం బాగుంటే హైదరాబాద్ క్వాల్‌కామ్‌లో ఉద్యోగం దొరుకుతుంది. ఊళ్లో ఫ్లెక్సీ కట్టించే ఉద్యోగమే. వాడు రాత్రింబవళ్లు కూర్చుని కనిపెట్టినదాని మీద హక్కు కంపెనీది. ఇక్కడ వాడి తండ్రి మేతల ధరలూ చేపల రేట్లూ చూసుకోవడానికి ఈఎంఐలో 5జీ ఫోను కొంటాడు. కొడుకు బుర్రకు తండ్రి కౌలు కడతాడన్నమాట, నెల నెలా, వడ్డీతో సహా.

మంత్రిగారూ, ఈసారి సభలో ఎన్ని ఫోన్లు అమ్ముడయ్యాయో చదివేటప్పుడు, వాటిమీద ఎంత కౌలు సముద్రం దాటిందో కూడా చదవండి. సభ ఏలూరులో పెడితే మాత్రం అంకెలు సరిచూసుకుని రండి. ఇక్కడ ముందు వరసలో కూర్చునేది కౌలుదార్లే.